ఏ వేలో చెప్పండి

ముందే చెబుతున్నాను, ఉన్నదానికి ఉప్పూకారం అద్దే అలవాటు నాకు లేదు. ఈ కథలో ప్రతి చినుకూ నిజం.

మన కథానాయకుడు పుస్తకాల బైండరు. ఓ మధ్యాహ్నం కాగితాలు కోసే మిషను, అతని కుడిచేతి చూపుడు వేలినీ మధ్య వేలినీ కూడా కాగితాలే అనుకుంది. రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే మేనత్త ఆ రోజు పడలేదు. ఆసుపత్రివాళ్ళు ఫోనులో చెప్పినట్టే తెగిన వేళ్ళను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసు మీద పెట్టి పట్టుకెళ్ళింది. సర్జన్ మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి, వెంట్రుక కన్నా సన్నటి దారంతో రక్తనాళాలూ నరాలూ ఒక్కొక్కటే కలిపి కుట్టాడు. పది గంటలు పట్టింది. పాలిపోయిన వేళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి.

వేళ్ళు బతికాయి. స్పర్శ మాత్రం నెలల తరబడి నరాల వెంట నత్తనడక నడిచి వచ్చింది. వచ్చాక తన ఇల్లేదో మరిచిపోయింది.

ఆ ఇల్లు వెతికిపెట్టే పని ఫిజియో అమ్మాయిది. మొదటి రోజే గొడవ.

“కళ్ళు మూసుకోండి. ముట్టుకుంటాను, ఏ వేలో చెప్పండి.”

“మధ్య వేలు.”

“కాదు, చూపుడు వేలు.”

“నా వేలి సంగతి నాకు తెలీదా అండీ?”

“తెలీదు కనకేగా వచ్చారు.”

కొత్తగా పెరిగిన నరాలు దారి తప్పాయట. మెదడుకు మళ్ళీ ఓనమాలు దిద్దించాలట. వారానికి మూడు రోజులు. మనవాడికి ఓనమాల కన్నా పంతులమ్మ మీద ధ్యాస ఎక్కువైంది. ఆమె నవ్వితే వేళ్ళలో జివ్వుమనేది. అది నరమా, మనసా? తేలక మేనత్తనే అడిగాడు.

“అత్తా, గుండెకు తగిలింది వేలికి తెలుస్తుందా?”

“ముందు మాత్ర వేసుకోరా,” అంది అత్త.

ఓ సోమవారం వాన మొదలైంది. ఆసుపత్రి వరండా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఎటో చూస్తున్నాడు. ఒక్క చినుకు పడింది. చూపుడు వేలి కొస మీద అనిపించింది. తల తిప్పి చూశాడు. చూపుడు వేలే.

గంతెయ్యబోయి ఆగాడు. వేలి కొసతో కాగితాలు లెక్కపెట్టే రోజులు తిరిగొచ్చినట్టే. అంటే ఇక్కడికొచ్చే రోజులు అయిపోయినట్టే. నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్ళి, ఆమె అతని చూపుడు వేలిని ముట్టుకోగానే “మధ్య వేలు” అనేశాడు.

మూడు వారాలు అలాగే అన్నాడు. నాలుగో వారం ఆమె ముఖం వాడిపోయి ఉంది.

“సర్జన్ గారు మీ ఫైలు చూశారు. నరం మళ్ళీ తెరిచి చూడాలేమో అన్నారు. ఒక్కసారి కళ్ళు మూసుకోండి.”

ఈసారి నిజమే చెబుదామని గట్టిగా మూసుకున్నాడు.

“ఏ వేలు?”

ఏమీ తెలియలేదు. వచ్చిన స్పర్శ మళ్ళీ పోయిందా? అబద్ధమాడినందుకు వేలు అలిగిందా? ఊహించి చెప్పేశాడు.

“చూ… చూపుడు వేలు.”

“నేనసలు ముట్టుకోనే లేదు.”

కళ్ళు తెరిచాడు. ఆమె చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

“ఇందాక వరండాలో పేపరు కాగితాలు అంటుకుపోతే, అటు తిరిగి మాట్లాడుతూనే విడదీశారు. ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?”

“చినుకు పడ్డప్పటి నుంచి.”

“ఎందుకు?”

“బాగైందంటే ఇక రావద్దంటారుగా.”

“మీ చేతికి మళ్ళీ కత్తి పడుతుందేమోనని నాకు అన్నం సయించలేదు, తెలుసా?”

“నా చేతి కోసమా?”

“చేతి కోసమూ, దాని వెనకున్న తెలివితక్కువ మనిషి కోసమూ.”

ఆమె సంచిలోంచి అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తీసింది. “నెల రోజులుగా మోస్తున్నా. అడగడానికి నోరు రాలేదు. మీ షాపు ఎన్నింటి దాకా ఉంటుంది?”

అతను మళ్ళీ అయోమయంలో పడ్డాడు. “పుస్తకం కోసమేనా?”

“కళ్ళు మూసుకోండి. ఏ వేలో చెప్పండి.”

చాలాసేపు ఆలోచించి, “అన్నీ,” అన్నాడు.

“నయమైందని రాసెయ్యమ్మా,” అంది గుమ్మంలోంచి అత్త. “కిందనే మీ నాన్నగారి ఫోను నంబరు కూడా వెయ్యి.”

ఇక నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ సోమవారం వాన లేదు, ఎండ మాడ్చేసింది. ఆ చినుకు పై అంతస్తు ఏసీలోంచి కారింది. ప్రేమకథలో ఏసీ నీళ్ళంటే ఎవరు వింటారని వాన కురిపించాను. పడింది మాత్రం చూపుడు వేలి మీదే.