రెండు ముక్కుల రాజు

నాణెం పోయిందని స్టేషన్‌కి ఫోన్ వచ్చింది ఉదయం తొమ్మిది నలభైకి. మధ్యాహ్నం మూడున్నరకల్లా దొంగ దొరికాడు. ఆరు గంటలు కూడా పట్టలేదు. మర్నాడు పేపర్లో ఇన్‌స్పెక్టర్ ఫోటో పడింది.

పోయింది మ్యూజియంలోని పాత వెండి నాణెం. పద్నాలుగో ట్రే, మూడో గుంట. దాని మీద రాజుగారి బొమ్మకి ముక్కు ఒకటి కాదు, రెండు. అచ్చు చెక్కినప్పుడు జరిగిన పొరపాటు. అందరూ దాన్ని రెండు ముక్కుల రాజు అంటారు. చూసినవాళ్లు తమ ముక్కున వేలేసుకుని వెళ్తుంటారు.

దొరికింది మ్యూజియం అటెండర్ ఇంట్లో. పన్నెండేళ్లుగా అక్కడి గాజు బీరువాలు తుడుస్తున్న మనిషి. ఆ ఉదయం తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. అతని భార్య బట్టలు కుడుతుంది. సూదులూ దారాలూ దాచుకునే రేకు డబ్బాలో ఉంది నాణెం. ఇల్లు వెతుకుతామనగానే డబ్బా ఆమే తీసి ఇచ్చింది.

"మా తాతయ్యది సార్," అన్నాడు అటెండర్. "మా అమ్మ నాకిచ్చింది."

"రెండు ముక్కులతో సహా?"

"అవును సార్."

"పన్నెండేళ్లు మ్యూజియంలో పనిచేస్తూ ఎవరికీ చెప్పలేదా?"

"నాలాంటివాడింట్లో ఇలాంటిది ఉందంటే ఏమనుకుంటారు సార్? ఇదిగో, ఇప్పుడు మీరనుకుంటున్నదే."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట చెవిన పెట్టలేదు. క్యూరేటర్ వచ్చాడు. లెన్స్ పెట్టి చూశాడు. తిప్పి మళ్లీ చూశాడు. తర్వాత, "ఇదే. ఇలాంటిది ఇంకోటి లేదు," అని కాగితం మీద సంతకం పెట్టాడు. అటెండర్ రిమాండ్‌కి వెళ్లాడు.

పదకొండు రోజులు గడిచాయి.

అటెండర్ భార్య రోజూ వచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చునేది. అరవదు, ఏడవదు, కాళ్లావేళ్లా పడదు. చూస్తుంది, అంతే. ఐదు రోజులుగా ఇన్‌స్పెక్టర్ వెనక గుమ్మంలోంచి స్టేషన్‌లోకి వస్తున్నాడు. తన స్టేషన్‌లోకి తనే దొంగలా దూరుతున్నందుకు అతనికి సిగ్గుగానే ఉంది.

పన్నెండో రోజు పదకొండు గంటల ఐదు నిమిషాలకి ఒక ముసలాయన వచ్చాడు. టంకశాలలో నలభై ఏళ్లు నాణేల అచ్చులు చెక్కి రిటైరైన మనిషి. అక్కడివాళ్లంతా అచ్చుల తాత అంటారు. చేతిలో పాత పేపరు ఉంది.

"ఆ అటెండర్ని ఏ సాక్ష్యం మీద లోపలేశావు నాయనా?"

"నాణెం దొరికింది తాతా."

"అది మ్యూజియందేనని ఎలా తెలుసు?"

"రెండు ముక్కులు. వేలిముద్రలాంటిది కదా. ఒకదానికి ఉన్నది ఇంకోదానికి ఉండదు."

తాత నెత్తి కొట్టుకున్నాడు.

"తప్పు నాణేనిది కాదయ్యా, అచ్చుది! అచ్చులో రెండు ముక్కులు పడ్డాయంటే, దాని కింద పెట్టిన ప్రతి వెండి బిళ్లకీ రెండు ముక్కులే. ఎవరో చూసి ఆపేలోగా వేలల్లో కొట్టి ఉంటారు. చాలావరకు కరిగించేసి ఉంటారు. అన్నీ కరుగుతాయా?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"అయినా ఇది మ్యూజియందే కావచ్చుగా?"

"కావచ్చు, కాకపోవచ్చు. పాత ఫోటో ఉందా?"

ఉంది. క్యూరేటర్ రాసిన కేటలాగ్‌లో, పేజీ నిండా. సాక్ష్యాల బీరువాలోంచి నాణెం తెప్పించారు. తాత కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని లెన్స్ కంటికి ఆనించాడు. నాలుగు నిమిషాలు ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు.

"ఇదిగో, ముక్కు కింద నుంచి ఉబ్బెత్తుగా ఒక గీత. అచ్చు పగిలితే వెండి ఆ పగుల్లోకి పోయి ఇలా గీత అవుతుంది. నీ నాణెంలో ఎక్కడిదాకా ఉంది?"

"గడ్డం దాకా."

"ఫోటోలో?"

"అంచు దాకా."

"అరిగిపోయిందంటావా?"

"అరగొచ్చుగా?"

"గీత అరిగితే పక్కనున్న గడ్డం వెంట్రుకలు అరగవా? లెక్కపెట్టుకో, ఒక్కోటీ కనిపిస్తోంది. అచ్చులో పగులు పెరుగుతుందే గానీ అతుక్కోదు నాయనా. ఇది ముందు కొట్టింది. మ్యూజియందాన్ని పగులు పెరిగాక కొట్టారు. రెండూ అన్నదమ్ములు."

ఇన్‌స్పెక్టర్ కేటలాగ్‌లో ఫోటో కింద అచ్చయిన వాక్యం చదివాడు. మళ్లీ చదివాడు. టోపీ తీసుకుని లేచాడు. ఆ రోజు ముందు గుమ్మంలోంచే బయటికి వెళ్లాడు. బెంచీ దగ్గర ఆగి, "అమ్మా, మీరూ రండి," అన్నాడు.

సాయంత్రం నాలుగు గంటలు. మ్యూజియంలో నాణేల గది. క్యూరేటర్, కొత్త కేటలాగ్‌కి ఫోటోలు తీస్తున్న ఫోటోగ్రాఫర్, అచ్చుల తాత, అటెండర్ భార్య.

ఇన్‌స్పెక్టర్ ముందు ఫోటోగ్రాఫర్ని అడిగాడు.

"రెండు ముక్కుల రాజుని ఎప్పుడు తీయాలి మీరు?"

"పోయిందని తెలియడానికి ముందు రోజు, సాయంత్రం నాలుగున్నరకి."

"తీశారా?"

"లేదు. నాలుగూ పదికి క్యూరేటర్ గారు ఫోన్ చేశారు. వెలుతురు బాగాలేదు, రావద్దన్నారు."

"ఈ గదికి కిటికీ ఉందా?"

"లేదు సార్. లైట్లు నావే. నాకూ విచిత్రంగానే అనిపించింది."

"పోలీసులకి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్."

నిజమే. అడగలేదు. ఇన్‌స్పెక్టర్ కేటలాగ్ తెరిచాడు.

"క్యూరేటర్ గారూ, ఈ వాక్యం చదవండి. మీరు రాసిందే."

క్యూరేటర్ పుస్తకం అందుకోలేదు. ఇన్‌స్పెక్టరే చదివాడు.

"'పగులు గీత ముక్కు కింద నుంచి అంచు దాకా సాగి ఉంది.' నాకైతే తెలియదు. ముక్కులు లెక్కపెట్టి ఊరుకున్నాను. ఈ వాక్యం రాసిన మనిషి గడ్డం దగ్గర ఆగిన గీతని చూసి, ఇదేనని ఎలా సంతకం పెట్టాడు? మీ నాణెం ఎక్కడుందో మీకు ముందే తెలుసు. ఎక్కడుంది?"

క్యూరేటర్ జేబులోంచి రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు. పదమూడు రోజులుగా దాన్ని తన దగ్గరే పెట్టుకు తిరుగుతున్నాడు. విప్పితే లోపల నాణెం తళతళా మెరిసింది.

"అయ్యో!" అన్నాడు తాత. "తోమేశారా?"

"రెండో ముక్కు ఫోటోలో బాగా పడాలని..." క్యూరేటర్ కళ్లు తుడుచుకున్నాడు. "కొంచెం పాలిష్ పొడి, మెత్తటి గుడ్డ. ఒక్క చోటే అనుకున్నాను. అక్కడ తెల్లబడింది. మిగతాదీ కలపాలని రుద్దాను. రుద్దేకొద్దీ గీతలు పడ్డాయి. ఏళ్ల తరబడి పట్టిన నలుపు పోతే పాత నాణెం చచ్చినట్టే. ముప్ఫై ఏళ్లుగా అందరికీ ఆ మాట చెప్పింది నేనే. ఎవరైనా బొటనవేలు ఆనిస్తే కసిరేవాణ్ణి."

"దాంతో దొంగతనం అన్నారు."

"దొంగ దొరకడు, మెల్లగా మర్చిపోతారు అనుకున్నాను. మీరు మధ్యాహ్నానికే దొంగని పట్టేశారు! పైగా నిజంగానే ఇంకో నాణెం. కాదంటే, అసలుదేదని అడుగుతారు."

అటెండర్ భార్య మొదటిసారి నోరు విప్పింది.

"నాణెం పాడైపోయిందని చెబితే మిమ్మల్ని ఏం చేసేవాళ్లు సార్?"

"ఏమీ చేసేవాళ్లు కాదమ్మా. నవ్వేవాళ్లు."

"నవ్వుతారని మా ఆయన్ని జైల్లో పెట్టించారా?"

క్యూరేటర్ తల ఎత్తలేదు. ఇన్‌స్పెక్టర్ కూడా ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత, ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకి జైలు గేటు తెరుచుకుంది. అటెండర్ బయటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. రోడ్డుకి అవతల భార్య నిలబడి ఉంది. జీపు దిగి ఇన్‌స్పెక్టర్ ఎదురెళ్లాడు.

"తప్పు నాది. కోర్టులో రాతపూర్వకంగా చెప్పాను. మీ ఉద్యోగం మీకే ఉంది. నాణెం నేనే తెచ్చి ఇస్తాను."

అటెండర్ తలూపాడు.

"ఒకటడగనా సార్? ఆ రోజు మా తాతయ్యదని చెప్పాను. మీకు నమ్మకం కుదరలేదు కదా?"

'కుదరలేదు' అంటే సరిపోయేది. పెద్ద నిపుణుడే సంతకం పెట్టాడనొచ్చు, ఎవరికైనా అలాగే అనిపిస్తుందనొచ్చు. ఐదు రోజులు వెనక గుమ్మంలోంచి వచ్చినవాడికి ఇక అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"కుదిరింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ ఆవిడ అడక్కుండానే డబ్బా తీసి ఇచ్చినప్పుడే కుదిరింది. దొంగసొత్తు ఎవరూ అలా ఇవ్వరు. కానీ కేసు తేలిపోయిందన్న సంతోషంలో ఉన్నాను. మళ్లీ మొదటినుంచి వెతకబుద్ధి కాలేదు."

అటెండర్ అతని మొహంలోకి చాలాసేపు చూశాడు.

"నమ్మలేదని చెప్పాల్సింది సార్," అని రోడ్డు దాటి భార్య దగ్గరికి వెళ్లిపోయాడు.