కనుమ మీది రాతిగూడు

ఆ ఏడు హయాత్ సింగ్ హిమాలయాల్లోని మిలం ఊరి నుంచి డెబ్భై మేకలతో బయల్దేరాడు. ఒక్కో మేక వీపు మీద రెండేసి బార్లీ సంచులు. ఎక్కేటప్పుడు ధాన్యం, దిగేటప్పుడు టిబెట్ ఉప్పు. తాతల నాటి వర్తకం. మొదట్లో ఆ కొండ మీద ఉన్నది మేకలు తొక్కిన జాడేనట. తాతలు రాళ్ళు పేర్చి దాన్ని దారి చేశారు, కనుమ మీద తలదాచుకోవడానికి రాతిగూడు కట్టారు, ఒక కట్టుబాటు కూడా పెట్టారు: సరుకు పోతే పోనీ, మనిషిని మాత్రం వదిలి రావొద్దు.

తోడు బావమరిది దుర్గూ. కిందటేడు హయాత్ వాళ్ళ అన్నయ్య పదం సింగ్‌తో ఇదే దారిన వెళ్ళి, దుర్గూ ఒక్కడే ఉప్పుతో తిరిగొచ్చాడు. "పెద్దబావ టిబెట్‌లో గ్యానిమా సంతలో ఎవరితోనో కాపురం పెట్టాడు. ఇక రాడట," అన్నాడు. హయాత్ నమ్మాడు. ఏడాదంతా అన్నను తిట్టుకున్నాడు. వదిన ఎదురైతే తల వంచుకుని పక్కకి తప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి కనుమ ఎక్కేసరికి పొగమంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కూడా కనపడని తెలుపు. తడిసిన ఉన్ని వాసన. మేకల గంటల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ గంటలూ ఆగిపోయాయి.

ఈల వినిపించింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

మేకలన్నీ ఎడమకి తిరిగాయి.

"ఈల వెయ్యకు బావా," దుర్గూ గొణిగాడు.

"నేను వెయ్యలేదురా."

"వేళాకోళం వద్దు... అది పెద్దబావ ఈల."

"అన్న గ్యానిమాలో ఉన్నాడు కదరా?"

దుర్గూ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

మేకలు రాతిగూడు ముందు ఆగాయి. దాని గుమ్మం కింది నుంచి పైదాకా రాళ్ళతో మూసి ఉంది. బయటి నుంచి.

"ఎవరు మూశారు దీన్ని?"

"పెద్దబావ కాలు విరిగింది బావా... మంచు పడుతోంది. మోస్తే ఇద్దరం పోయేవాళ్ళం."

"సరే. మూయడం ఎందుకురా?"

దుర్గూ ఏడుపు గొంతుతో అన్నాడు. "వెనకాలే పాకుతూ వస్తున్నాడు..."

హయాత్‌కి కొట్టడానికి చెయ్యి కూడా లేవలేదు. ఏడాదిగా తన పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తిన్నాడు వీడు. వదినని ఓదార్చాడు కూడా. హయాత్ గోళ్ళు చీరుకుపోతున్నా రాళ్ళు లాగాడు. లోపల పాత పొగ కంపు. మనిషి లేడు. ఎముక లేదు, గుడ్డపేలిక లేదు.

"లేడా?" దుర్గూ మొహం తేటపడింది. తన కళ్ళతో చూడాలని వంగి లోపలికి దూరాడు.

మేకలు చెదురుతుంటే హయాత్ అదిలించడానికి వెళ్ళాడు. పదడుగులు. అంతే. తిరిగి చూస్తే గుమ్మం మళ్ళీ రాళ్ళతో మూసి ఉంది. రాళ్ళ సందుల్లో ఏనాటిదో మంచు గడ్డకట్టి ఉంది.

"బావా!" లోపలి నుంచి దుర్గూ గొంతు. "బావా... ఇక్కడ ఎవరో..."

హయాత్ చేతులు రాళ్ళ మీదకి వెళ్ళాయి. ఆగాయి. ఎంతసేపు ఆగాయో అతనికే తెలియదు.

గొంతు ఆగిపోయాక లాగాడు. గూడు ఖాళీ.

పొద్దు వాలే వేళకి అవతలి వైపు దిగి ఛోడెన్ గుడారంలో కూలబడ్డాడు. దారినపోయే వర్తకులందరికీ టీ పోసే ముసలామె ఛోడెన్.

"ఏమయ్యా హయాతూ, మీవాళ్ళు నీకంటే ముందే వచ్చి వెళ్ళారే!" అంది గిన్నె అందిస్తూ.

"ఎవరు?"

"మీ అన్న. నీ బావమరిదిని వీపున మోసుకొచ్చాడు. ఆ కుర్రాడు దించమని ఒకటే ఏడుపు. కాస్త టీ తాగి పొమ్మన్నా నిలబడలేదు."

హయాత్ గిన్నె కింద పెట్టాడు. "ఏమన్నా... అన్నాడా?"

"నువ్వు వస్తున్నావా అని అడిగాడు. వస్తాడులే అన్నాను." ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "'వాడు నన్ను వెతకనైనా వెతకలేదు' అన్నాడయ్యా. ఏం, మీ ఇద్దరికీ ఏమైనా తగాదానా?"