వెనక్కి తిరగని లెక్క

కొత్త ఇంజినీర్ రుచిత రాసిన, పరికరాన్ని నడిపించే డ్రైవర్ కోడ్ టెస్ట్ సర్వర్‌లో లేదు. బ్యాకప్‌లోనూ లేదు. క్లయింట్‌కు డెమో రేపే.

రాఫెల్స్ ప్లేస్‌లోని ఆ కంపెనీకి సెక్యూరిటీ ఇన్వెస్టిగేటర్ గోపీకృష్ణ. సర్వర్‌లో జరిగిన ప్రతి పనీ వేళతో నమోదయ్యే లాగ్‌ను ఇంజినీర్ కీర్తిక ప్రింట్ తీసిస్తే చూశాడు. కోడ్ చెరిపేసింది నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు. డోర్ కార్డుల ప్రకారం ఆ వేళ ల్యాబ్‌లో ఉన్నది ఒక్కడే. టీమ్ లీడ్ కౌశిక్.

గోపీకృష్ణ కడుపు చల్లబడింది.

ఒకప్పుడు అతనూ ఆ టీమ్‌వాడే. లీడ్ పోస్టు కౌశిక్‌కు దక్కాక సెక్యూరిటీకి మారిపోయాడు. అద్దాల గదిలోంచి కౌశిక్ నవ్వు వినబడినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కౌశిక్‌ను పిలిచి అడిగాడు. "నిన్న ఒంటిగంటకు ల్యాబ్‌లో ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే అన్నా. టెస్టులు చూస్తున్న."

"కోడ్ ఎందుకు తీసేశావ్?"

"నేను ముట్టలే అన్నా! ఉద్యోగం పోయి ఈ దేశంల వర్క్ పాస్ క్యాన్సిలైతే పిల్లల్ని బడి మాన్పించి ఊరికి తీస్కపోవాలె. నేనెందుకు చేస్త?"

గోపీకృష్ణ రిపోర్టులో కౌశిక్ పేరు టైప్ చేశాడు. వేళ్లు ఆగాయి. ఇంత హాయిగా ఏ రిపోర్టూ రాయలేదు. తన మీద తనకే అనుమానం వచ్చింది. సర్వర్‌లోని అసలు లాగ్ తెరిచాడు.

సాయంత్రం కౌశిక్, కీర్తిక, రుచిత ముగ్గురినీ మీటింగ్ రూమ్‌కు పిలిచాడు.

"ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి కెర్నెల్‌ను టైమ్ అడిగితే రెండు జవాబులుంటాయి. ఒకటి మనం చూసే గడియారం. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే దాన్ని వెనక్కి తిప్పొచ్చు. రెండోది, మెషీన్ ఆన్ అయినప్పటినుంచి గడిచిన సెకన్ల లెక్క. అది ముందుకే పోతుంది."

"అయితే?" అంది రుచిత.

"ఒంటిగంట అని ఉన్న లైన్ పక్కన సెకన్లు, సాయంత్రం ఆరింటి లైన్‌లో కన్నా ఎక్కువున్నాయి. ఆరు దాటాక ఎవరో గడియారం వెనక్కి తిప్పి, కోడ్ చెరిపి, మళ్లీ సరిచేశారు. నాకిచ్చిన ప్రింట్‌లో ఆ సెకన్ల కాలమే లేదు. డోర్ కార్డుల గడియారం వేరే, దాన్నెవరూ తిప్పలేదు. ఆరు తర్వాత ల్యాబ్‌లోకి వెళ్లింది నువ్వొక్కదానివే కీర్తికా."

కీర్తిక బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి రుచిత ముందుకు తోసింది.

"కోడ్ ఇందులో ఉంది. రెండేళ్లు గొడ్డు చాకిరీ చేశాను. మొన్నొచ్చిన ఈ పిల్లకి డెమో అప్పగించాడు కౌశిక్. ఇద్దరూ పోవాలనుకున్నా."

లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసింది.

"ప్రింట్ మీకే ఎందుకిచ్చానో తెలుసా గోపీ గారూ? కౌశిక్ పేరు కనబడితే మీరింకేం చూడరనుకున్నాను."

కౌశిక్ గోపీకృష్ణవైపే చూస్తున్నాడు.