పిన్ని నేర్పిన గొంతులు

ఆ ఇంట్లో పొద్దున్నే వార్తలు చదివేది పదో తరగతి పిల్ల. అవీ మామూలు వార్తలు కాదు. ఎక్కడో ఏదో కంపెనీ కొత్త చిప్పు తయారుచేసిందనీ, ఇంకెక్కడో కంప్యూటరు దానంతటదే ప్రోగ్రాములు రాసేస్తోందనీ, నోట్లో బ్రెడ్డుముక్క ఉండగానే ఫోన్లోంచి గడగడా చదివేస్తుంది. అందుకే వాళ్ళ పిన్ని ఆ పిల్లకి సైంటిస్టని పేరు పెట్టింది. స్కూలు రిజిస్టర్లో ఏమున్నా ఇంట్లో మాత్రం అదే ఖాయమైపోయింది.

"ఏమే సైంటిస్టూ, ఇవాళ ఎవరి కొంప ముంచారు?" జుట్టు ముడేసుకుంటూ వంటింట్లోకి వచ్చింది పిన్ని.

"ముంచడం కాదు పిన్నీ. ఒక బీమా కంపెనీవాళ్ళు ఉత్తరాలకి జవాబులు రాసే పని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పేశారట. రెండొందలమందిని తీసేశారు."

"అయ్యో పాపం!"

"పాపమేంటి? పొద్దస్తమానం అదే పని చెయ్యడం వాళ్ళకి మాత్రం విసుగనిపించదా? ఇంకేదో నేర్చుకుంటారు."

"నోరు మూసుకుని తిను!" స్టవ్వు దగ్గర్నుంచి అమ్మ అరిచింది.

ఇద్దరూ తెల్లబోయారు. అమ్మ అలా కసురుకునే మనిషి కాదు. అందులోనూ ఈ కంప్యూటరు చదువంటే ఆవిడకి ఎంత మురిపెమంటే, పక్కింటివాళ్ళ రిమోటు పాడైనా "మా అమ్మాయిని పంపనా?" అని అడిగే రకం.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఆసుపత్రిలో, ఒకే టైపు సెక్షన్లో పనిచేస్తారు. డాక్టర్లు రోగిని చూసి, చిన్న రికార్డరులో నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోతారు. వీళ్ళు విని రిపోర్టు టైపు చెయ్యాలి. చెప్పడమంటే శుభ్రంగా చెబుతారా? గొణుగుతారు. ఒకాయన మాటమాటకీ దగ్గుతాడు, ఇంకొకాయన ముక్కుతో మాట్లాడతాడు, మరొకావిడ లిఫ్టులోనే మొదలుపెట్టి లిఫ్టులోనే ముగించేస్తుంది. సెక్షనుకి పెద్ద అమ్మే అయినా, గొణుగుడు మరీ కొరుకుడు పడకపోతే చెల్లెల్ని పిలవాల్సిందే. పంతొమ్మిదేళ్ళుగా పిన్ని చెవికి అందని డాక్టరు లేడు.

కిందటేడు పిన్నికి మణికట్లు వాచిపోయాయి. పొద్దున లేచి గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది. అది చూడలేకే పిల్ల ఈ పనికి పూనుకుంది. నెట్‌లో ఉచితంగా దొరికే, మాట విని రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకుని, దానికి డాక్టర్ల గొంతులు నేర్పే ప్రోగ్రాం తను రాసింది. ఆసుపత్రి రికార్డింగులు ఇంటికి తేకూడదు కదా, మరెలా? పిన్నే డాక్టరయింది. మూడు నెలలు రోజూ సాయంత్రం లాప్‌టాప్ ముందు కూర్చుని ఒకసారి దగ్గుతూ, ఒకసారి ముక్కుతో, ఒకసారి పరుగుపరుగున అన్ని గొంతులూ అనుకరించింది. అది తప్పు రాస్తే సరైన మాట చెప్పేది. అది నేర్చుకునేది. ముగ్గురూ కడుపుబ్బ నవ్వేవాళ్ళు. ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందు ఎప్పుడూ లేదు.

"ఏమైందక్కా? నిన్నట్నుంచీ చూస్తున్నా, అదోలా ఉన్నావు" అంది పిన్ని.

అమ్మ స్టవ్వు ఆపేసింది. "సూపరింటెండెంటుగారికి చూపించానే."

"ఏం చూపించావు?"

"దీని ప్రోగ్రాం. నెల కిందట, భోజనాల టైములో. మా అమ్మాయి చేసిందండీ అని గొప్పలకి పోయాను. పది రికార్డింగులు పెడితే తొమ్మిది తప్పు లేకుండా రాసింది. ఆయన చప్పట్లు కొట్టి, ఆసుపత్రి కంప్యూటర్లో పెట్టించుకున్నాడు. నేను వెర్రిదాన్లా మురిసిపోయాను." అమ్మ ఇటు తిరగలేదు. "నిన్న పిలిచి చెప్పాడు. నెలాఖరుకి సెక్షను ఎత్తేస్తారట. అది రాసింది సరిచూడ్డానికి ఒక్కళ్ళని ఉంచుతారట. నన్ను."

"మరి నేను?"

అమ్మ మసిగుడ్డ తీసుకుని స్టవ్వు తుడవడం మొదలుపెట్టింది.

"నిన్న తెలిసిందా నీకు? బస్సులో నా పక్కనే కూర్చున్నావు కదక్కా. నేనేదో సోది చెబుతుంటే ఊఁ కొట్టావు కూడా."

"ఎలా చెప్పనే? నాకు నోరెలా వస్తుంది?"

"నన్నడక్కుండా ఎందుకు చూపించావమ్మా?" పిల్ల లేచి నిలబడింది. "అది పిన్ని కోసం చేశాను!"

"నువ్వు చెయ్యకపోతే నేను చూపించేదాన్నా?" అనేసింది అమ్మ. అన్నాక నాలిక్కరుచుకుంది కానీ, ఆ మాట అప్పటికే పిల్లకి తగలాల్సిన చోట తగిలింది.

"చాలించండి ఇద్దరూ" అంది పిన్ని. "చేసింది అది, చూపించింది నువ్వు. నేర్పిందెవరు? నేను కాదూ? నా గొంతు నేనే కోసుకున్నాను. అదీ పకపకా నవ్వుకుంటూ."

బ్యాగు తీసుకుని, అక్క కోసం ఆగకుండా, ఒక్కతే బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ రోజు స్కూలు వదలగానే పిల్ల సరాసరి ఆసుపత్రికి వెళ్ళింది. సూపరింటెండెంటు పెద్దమనిషే. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"నా ప్రోగ్రాం తీసేయండి సార్."

"అదేంటమ్మా? బంగారంలా పనిచేస్తోంది!"

"మా పిన్నికి సాయంగా ఉండాలని చేశాను సార్. పిన్నిని తీసెయ్యడానికి కాదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "నాకు మాత్రం సంతోషమా చెప్పు? ఇది తీసేస్తే పైవాళ్ళు ఇంకోటి కొంటారు. నువ్వు తెలివైనదానివి. వార్తలు చూడవూ?"

చూస్తుంది. రోజూ చూస్తుంది. చూసి, బ్రెడ్డు తింటూ చదివి వినిపిస్తుంది. ఆ రెండొందలమందిలో ఎవరింట్లో ఎవరు ఏడ్చారోనన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు తనకి. ఎంత సిగ్గనిపించిందంటే, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగలేకపోయింది.

నెలాఖరు వచ్చింది, పోయింది. పిన్ని మరో నాలుగు ఆసుపత్రులు తిరిగింది. అన్నిచోట్లా ఒకటే మాట, ఆ పని ఇప్పుడు మనుషులతో చేయించడం లేదండీ అని. పొద్దున పూట వంటింట్లో వార్తలు లేవు. పిల్ల లాప్‌టాప్ మూత తెరవడం లేదు, ప్రోగ్రామింగ్ క్లాసుకి పంపించినా వెనక బెంచీలో కూర్చుని వచ్చేస్తోంది. పిన్ని తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "తిన్నావా?" అంటుంది, "ఊఁ" అంటే సరేనంటుంది. సైంటిస్టూ అని పిలవడం మానేసింది.

ఒక సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా పిన్ని ఎదురుగా కూలబడింది. సంచిలోంచి ఫోను తీసింది.

"తప్పు చేశానే. రికార్డింగు ఇంటికి తెచ్చాను. గుండె డాక్టరుది. మందు ఎంత వెయ్యాలో చెప్పేచోట ప్రోగ్రాం ఖాళీ వదిలేసింది. నేను ఇరవైసార్లు విన్నాను, అర్థమై చావట్లేదు. ఆయన విమానంలో ఉన్నాట్ట. రోగి ముసలాయన. రేప్పొద్దున ఆయన్ని వేరే ఆసుపత్రికి పంపిస్తున్నారు, ఈ రిపోర్టుతోనే."

"ఇప్పుడు గుర్తొచ్చానా?"

"మర్చిపోతే కదే."

పిన్ని ఫోనుకేసి చాలాసేపు చూసింది. చెయ్యి చాచింది.

"వద్దు పిన్నీ!" గుమ్మంలోంచి పిల్ల అరిచినంత పనిచేసింది. "చెప్పొద్దు. నువ్వు చెప్పింది అమ్మ రేపు ఆ ఖాళీలో నింపుతుంది. నింపగానే అది నేర్చేసుకుంటుంది. ఇంకెప్పుడూ నిన్నడగక్కర్లేదు. నేనే అలా రాశాను పిన్నీ."

ప్రోగ్రాం మొత్తంలో తనకి అన్నిటికన్నా గర్వంగా అనిపించిన భాగం అదే.

"తెలుసులేవే" అంది పిన్ని. "మూడు నెలలు దాని ముందు కూర్చున్నదాన్ని, నాకు తెలీదా?"

"మరెందుకు చెప్పడం?"

"ఆ ముసలాయనేం పాపం చేశాడే?"

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండుసార్లు వింది. "సగం మాత్ర. రోజుకి ఒక్కసారే. అలసిపోతే ఆయన మాట మధ్యలో ఊపిరి పీలుస్తాడు, అందుకే మింగేసినట్టుంటుంది. రాసుకో అక్కా."

అమ్మ రాసుకుంది. అక్షరాలు అలికిపోతుంటే పైటతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది. పిల్ల వచ్చి పిన్ని ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"కోపం పోలేదే నాకు" అంది పిన్ని, దాని జుట్టులో వేళ్ళు పోనిస్తూ. "ఎప్పటికి పోతుందో కూడా తెలీదు. అయినా ఏడవకు. నువ్వు కాక నాకెవరున్నారు?"

కాసేపటికి తలెత్తి అక్కని అడిగింది. "ఇదొక్కటేనా? ఇంకా ఖాళీలున్నాయా?"

"ఇంకో నాలుగున్నాయి." అమ్మ తల పైకెత్తలేదు.

ఆ నాలుగూ అయిపోతే ఇక పిన్నిని అడగడానికి ఏమీ మిగలదని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"పెట్టక్కా" అంది పిన్ని.