అంటని గుడ్డ, అంటుకున్న గుండె

"నాలుగు మీటర్ల గుడ్డ పోయింది," అన్నాడు కర్నల్ తహామీ. "అగాదీర్ రేవులో ఐదింటికి ఓడ కదిలేలోపు దొరకాలి."

"గుడ్డ కోసం గూఢచారా సార్?" అన్నాడు ఏజెంట్ ఘాలీ.

"మామూలు గుడ్డ కాదయ్యా. మన లాబ్‌లో గాలి తోడేసిన పెట్టెలో పెట్టి, వాయువు వదిలి, కరెంటిస్తే ఊదా వెలుగొస్తుంది. దాన్నే ప్లాస్మా అంటారు. ఆ వెలుగులో గుడ్డ మీద కంటికి కనపడని ప్లాస్టిక్ పూత పూస్తుంది. ఇక నీళ్లంటవు, నూనెంటదు."

ఘాలీ తమ్ముడు సార్డీన్ చేపలు పట్టే పడవలో పనిచేస్తాడు. చలికాలం తడిబట్టల్లో వణికి వణికి మంచాన పడి, మొన్ననే లేచాడు. ఆ పూత పూసిన కోట్లు ముందుగా జాలర్లకే ఇస్తామన్నారు. గుడ్డ ఓడెక్కితే పేటెంటు పరాయివాడిది, వణుకు మనది.

"ఎత్తుకుపోయింది వాస్ అనేవాడి ముఠా. వాడి పెట్టెలు రెండుసార్లు వెతికించాను, దొరకలేదు. రుజువు లేకుండా చెయ్యేస్తే మన చెయ్యే విరుగుతుంది. షామా వాడి దగ్గర పనిచేస్తున్నట్టు నటిస్తోంది. వాణ్ని రేవు కెఫేకి తీసుకొస్తుంది. సరుకు వాడి ఒంటి దగ్గరే ఉంటే టీ ముట్టుకోదు. అదే గుర్తు. నువ్వు వెయిటర్‌వి."

షామా పేరు వినగానే ఘాలీకి చెవులు వేడెక్కాయి. పోయినేడు కాసాబ్లాంకా మిషన్‌లో అతని జోకులకి నవ్విన ఏకైక మనిషి ఆమె.

నాలుగున్నర. ఎర్ర టోపీ, అతికించిన మీసాలతో ఘాలీ కెఫేలో నిలబడ్డాడు. కిటికీ పక్కన షామా, ఎదురుగా వాస్. వాడి ఒంటి మీద బూడిదరంగు కొత్త జెల్లాబా, కాళ్లదాకా దిగే పొడుగు అంగీ.

"ఎంత బాగుందో. మీకోసమే నేసినట్టుంది," అంటోంది షామా.

"దర్జీ ఇవాళే ఇచ్చాడు," అని వాస్ గర్వంగా మెడ సవరించుకున్నాడు.

ఆమె నవ్వింది. అదే కాసాబ్లాంకా నవ్వు. ఆ ముక్కుకీ ఆ మెడకీ నవ్వేంత సీనుందా అని ఘాలీ లోపల కుతకుతలాడాడు.

టీ పోశాడు. షామా ముట్టుకోలేదు. ఈ ఊళ్లో టీ ముట్టకుండా వదిలేయడమంటే పోసినవాడి మొహాన కొట్టినట్టే. ఘాలీ గ్లాసు తీసేసి, పుదీనా దట్టించి మళ్లీ పోశాడు. అదీ ముట్టుకోలేదు.

"ఏం అమ్మా, మా టీ రుచించడం లేదా? అయ్యగారి మాటలే తియ్యగా ఉన్నట్టున్నాయి," అన్నాడు.

షామా కళ్లు పెద్దవి చేసింది. ఘాలీకి అదీ వాస్ కోసమే అనిపించింది.

మూడో గ్లాసూ అలాగే ఉంది. ఓడ కూత పెట్టింది. వాస్ లేవబోతూ షామా చేతి మీద చెయ్యి వేశాడు.

ఘాలీ కెటిల్‌ని మూరెడు ఎత్తుకి లేపాడు, ఆ ఊరి పద్ధతిలో. ధార మాత్రం గ్లాసు తప్పింది. టీ మొత్తం వాస్ ఒళ్లో పడింది.

పడి, నిలవలేదు. ముత్యాల్లా దొర్లి, జెల్లాబా అంచు మీదుగా జారి, బూట్ల మీద పడింది. బూట్లు తడిశాయి. జెల్లాబా తామరాకులా పొడిగా ఉంది.

కెఫే అంతా చూసింది. వాస్ కూడా చూసుకున్నాడు. గుమ్మం దగ్గర పేపరు చదువుతున్న కర్నల్ మనుషులిద్దరు పేపర్లు మడిచి, వాడి రెండు చేతులూ మడిచారు.

"మూడు గ్లాసులు వదిలేశాను కదయ్యా," అంది షామా. "ఇంకెలా చెప్పాలి నీకు?"

"నా టీ నచ్చలేదనుకున్నాను."

"నీకు వాడే కనిపించాడు, గుర్తు కనిపించలేదు."

ఫోన్లో కర్నల్ సంతోషించాడు. "వాణ్ని రబాత్ తీసుకురండి. షామా పక్కన కూర్చుని వాడి నోరు విప్పిస్తుంది. నువ్వు కెఫేలో గ్లాసులు కడిగిచ్చి రా."

రబాత్ ఆరు గంటల దారి. జీపు కనుమరుగయ్యేదాకా చూసి, ఘాలీ గ్లాసులు కడిగే నీళ్లకి కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. పొయ్యి వెలిగించడం మర్చిపోయాడు. గుండెలో మంటకే నీళ్లు కాగిపోతాయనుకున్నాడు.