తోవరి కట్టిన దారం

పూర్వం కోర్టు మెట్లెక్కిన వాడికి మొదటి శిక్ష కోర్టు ఆఫీసులోనే పడేదట. ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు, అడిగితే చెప్పే నాథుడుండడు, తీరా చెప్పిన కిటికీకి వెళితే భోజనానికి మూసి ఉండేది. 2071లో మానేరునగర్ క్రిమినల్ కోర్టుకు వచ్చే జనానికి ఆ తిప్పలు లేవు. గుమ్మంలోనే తోవరి ఉంది.

తోవరి అంటే తోవ చూపే యంత్రం. దాని ముందు నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, గొంతులోని స్వరముద్రను పట్టేసి, కేసు కాగితాలన్నీ రెప్పపాటులో చదివి, మణికట్టుకు ఒక వెలుగుదారం చుడుతుంది. ఫిర్యాదు చేసినవాళ్లకు ఆకుపచ్చ, నేరం మోపబడినవాళ్లకు ఎరుపు, సాక్షులకు తెలుపు. దారంలోని సూక్ష్మ మోటార్లు చేతిని మెల్లగా లాగుతూ మనిషిని కూర్చోవాల్సిన బెంచీ దాకా తీసుకుపోతాయి. పిలుపు వచ్చినప్పుడు కోర్టు హాలు తలుపు కూడా దారం రంగు చూసే తెరుచుకుంటుంది.

ఆ ఉదయం తోవరి ముందు నిలబడిన హన్వికమ్మకు యాభై ఏళ్లు. బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. రొట్టెలు చేసే మరలు వీధికి నాలుగున్నా, అరచేత్తో తట్టిన రొట్టె కోసం జనం ఆమె బండి దగ్గరే వరస కట్టేవారు. వేసవిలో మల్లేశం అనే కుర్రాడు తన ఎగిరే బండిని ఆమె మీదికి తోలాడు. (ముత్తాతల పేర్లు మళ్లీ ఫ్యాషనైన రోజులవి.) ఆమె కుడి మోచెయ్యి విరిగింది. అతుక్కుంది గాని, రొట్టె తట్టడానికి మాత్రం లేవడం లేదు. నలుగురి ముందు "తప్పయింది" అని వాడి నోట అనిపించాలని ఆమె పట్టుదల. ఇవాళే పిలుపు. మూడుసార్లు పిలిచినా ఫిర్యాది లోపలికి రాకపోతే కేసు కొట్టేస్తారు.

"నా చెయ్యి ఇరిగిన కేసు బిడ్డా. జర తోవ చూపియ్యి" అంది హన్వికమ్మ.

"తప్పకుండా అమ్మా" అంది తోవరి మర్యాదగా. ఆమె మణికట్టుకు దారం చుట్టింది. ఎర్రగా వెలిగింది.

"ఇదేంది? నేను ఫిర్యాదు ఇచ్చినదాన్ని!"

"అందరూ అదే అంటారమ్మా" అంది తోవరి, అంతే మర్యాదగా.

ఆ మాట దానికెవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి కిటికీల వెనక కూర్చున్న గుమస్తాల సంభాషణల రికార్డులు విని అదే నేర్చుకుంది.

దారం లాగింది. ఎర్రదారాల బెంచీలో కూర్చోగానే ఎదురుగా ఉన్న తెల్లదారం ఆవిడ తన సంచీని ఒళ్లోకి లాక్కుంది. హన్వికమ్మకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న ఇంకో ఎర్రదారం ఆవిడ, ఎవడో గొలుసు తెంపుకుపోయాడని కేసు పెట్టిందట, కళ్లొత్తుకుంటూ చెప్పింది: "వాడికే సారీ చెప్పిన అక్కా. మిషనంతటిది అబద్ధమాడుతదా? గొలుసు కనిపించేటట్టు ఏసుకునుడు నాదే తప్పేమో."

ఇంతలో మల్లేశం కనబడ్డాడు. గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు తల దించుకునే ఉన్నాడు పాపం. మణికట్టు మీద ఆకుపచ్చ వెలగగానే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఫిర్యాదీల వైపు మెత్తటి కుర్చీలూ చల్లటి నీళ్లూ ఉంటాయి. ఒక గ్లాసు తాగేసరికి మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. రెండో గ్లాసుకు లేచి వచ్చాడు.

"ఏందత్తా, గట్లెట్ల అడ్డమొస్తివి? నా బండి అద్దం పగిలింది. పోనీలే, తప్పయిందను, నేను రాజీ పడుత."

అందరూ ఒకే మాటంటుంటే, నిజంగా తానే అడ్డం వెళ్లిందా? ఆ రోజు తాను నిలబడింది తన రొట్టెల బండి వెనకా, ముందా? ఎంత తలుచుకుంటే అంత అయోమయం. ఏడుపొచ్చింది.

అప్పుడు ఎవరో నీళ్ల గ్లాసు అందించారు. ఆకుపచ్చ దారం కట్టిన ముసలాయన, పేరు సాయిచరణ్. గోదాము కాపలాదారు.

"తాగు బిడ్డా. గుమ్మంల నువ్వు చెప్పింది నేను ఇన్న. మిషనే తప్పు పట్టుంటది."

"నిజంగ నమ్ముతున్నవా కాకా?"

"నమ్మకేం? నాకూ తలకిందులే ఏసింది. గోదాములకెళ్లి బ్యాటరీలు ఎత్తుకపోయిన్నని నా మీద కేసు. నేను ముద్దాయిని. నాకు ఆకుపచ్చ ఎందుకు? నాది కాని కుర్చీల కూసోబుద్ధయితలేదు. పా, అడుగుదాం."

ఇద్దరూ ఆఫీసు గదిలోకి వెళ్లారు. అక్కడ తోవరిని తయారు చేసిన డాక్టర్ రంగనాయకి ఉంది. వారం నుంచి యంత్రం మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని సంబరంగా ఉందావిడ. సంగతి విని నవ్వబోయి, ముసలాయన ముఖం చూసి ఆగింది.

"తోవరీ, ముద్దాయి అంటే ఎవరు?"

"ఫిర్యాదు చేసిన వ్యక్తి" అంది యంత్రం తడుముకోకుండా.

డాక్టర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పాత కేసుల గురించి అడిగేవాళ్ల కోసం పోయిన వారమే నిజాం కాలపు ఉర్దూ కాగితాలన్నీ దానికి చదివించారు. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాది. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట పిల్లిమొగ్గ వేసి నేరం మోపబడినవాడయింది. తోవరికి పాత అర్థమే నచ్చింది; కేసు కాగితాల్లో ముద్దాయి అని ఉన్నవాళ్లకు ఆకుపచ్చ, ఎదుటివాళ్లకు ఎరుపు కట్టేసింది.

"వారమంతా ఎవరూ చెప్పలేదేం?" అని గొణుక్కుంది డాక్టర్.

"ఆకుపచ్చోళ్లు ఎందుకు చెప్తరమ్మా? ఎర్రోళ్లు చెప్తే ఎవరింటరు?" అన్నాడు సాయిచరణ్.

డాక్టర్ అర్థం సరిచేసింది. బయట దారాలన్నీ ఒక్కసారి రంగు మార్చుకున్నాయి. వెంటనే గగ్గోలు లేచింది. "మిషను ఖరాబైంది! అన్యాయం!" అని అందరికంటే గట్టిగా అరుస్తున్నది మల్లేశమే. వారంలో తోవరి మీద వచ్చిన మొదటి ఫిర్యాదు అతనిదే.

హన్వికమ్మ మణికట్టు ఆకుపచ్చగా వెలిగింది. గుండెల మీది బరువు దిగిపోయింది. దారం ఆమెను మెత్తటి కుర్చీలోకి నడిపించింది. చల్లటి నీళ్లు తాగింది. తాను నిలబడింది రొట్టెల బండి వెనకేనని ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. తెల్లదారం ఆవిడ కూడా ఆమెను చూసి నవ్వింది.

"హన్విక! హాజర్ హో!" మొదటి పిలుపు వినిపించింది.

ఆమె లేచింది. దారిలో ఎర్రదారాల బెంచీ చివర సాయిచరణ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మణికట్టును కండువా కింద దాచుకున్నా ఎరుపు పైకి కనబడుతూనే ఉంది. ఆమెను చూసి ఆశగా లేచాడు.

"బిడ్డా, లోపలికి పోతున్నవు గదా. నా సంగతి కూడా ఒక్క మాట చెప్పవా? ఆ బ్యాటరీలు నేను తీయలే. ఒట్టు."

హన్వికమ్మ తన సంచీని చంకలోకి గట్టిగా లాక్కుంది.

"అందరూ అదే అంటరు."

రెండో పిలుపు వినిపించింది. ముసలాయన మళ్లీ కూర్చున్నాడు. ఆ మాట అన్నదెవరా అని హన్వికమ్మ తికమకపడి గుమ్మం వైపు చూసింది. తోవరి ఏమీ మాట్లాడటం లేదు. కోర్టు హాలు తలుపు ఆమె కోసం తెరుచుకుంది.