లేటెస్టా, లాస్టా?

విజయ్ పాల్ రుద్రూర్‌లో చెరకు నారు పెంచి అమ్ముతాడు. నారు బంగారం. మాటతోనే చిక్కు. ఒకసారి కర్ణాటక నుంచి మొక్కలు కొనడానికొచ్చిన ఆసామికి మా నారే ఫస్ట్ అని చెప్పబోయి, "అవర్ ప్లాంట్స్ వరల్డ్ వర్స్ట్ సార్!" అని ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు. ఆసామి టీ కూడా తాగకుండా కారెక్కాడు.

ఆ మర్నాడే విజయ్ పాల్ బస్సెక్కి నిజామాబాద్ వచ్చి, ఖలీల్‌వాడీలో ఒక మేడమీద నడిచే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరాడు. అంతకుముందే ఇంగ్లిష్ నేర్పబోయిన ముగ్గురు సార్లు అతని మీద ఆశ వదులుకున్నారు. ఇక్కడ పాఠం చెప్పే అమ్మాయి పేరు హెప్సిబా.

"గుడ్‌కి సూపర్లేటివ్ ఏంటి?" అంది ఆమె మొదటిరోజే.

"గుడ్డెస్ట్, మేడం."

క్లాసంతా గొల్లుమంది.

"బెస్ట్," అంది హెప్సిబా.

"గదెట్ల? స్వీట్‌కు స్వీటెస్ట్ అన్నరు. టాల్‌కు టాలెస్ట్ అన్నరు. గుడ్ ఏం పాపం జేసింది? గుడ్‌కు, బెస్ట్‌కు మొఖాలే కలుస్తలెవ్వు. ఒక్క ఇంటోళ్ళంటే ఎవలు నమ్ముతరు? మనకైతే అన్నిటికన్న అంటే సాలు, పనైపాయె."

"మీరు నమ్మకపోయినా వాళ్ళు ఒక్కింటివాళ్ళే. కూర్చోండి."

కోపంగానే అంది గానీ, బోర్డు వైపు తిరిగాక ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందని విజయ్ పాల్ కనిపెట్టేశాడు. ఆ రోజు నుంచి అతను ఒక్క క్లాసూ ఎగ్గొట్టలేదు.

ఓల్డ్‌కి రెండున్నాయని ఆమె చెప్పింది. ఊళ్ళో అందరికన్నా ముసలాయన ఓల్డెస్ట్, ఇంట్లో పెద్దబిడ్డ ఎల్డెస్ట్. నియర్‌కీ రెండే. అందరికన్నా దగ్గరున్నది నియరెస్ట్, వరసలో తర్వాత వచ్చేది నెక్స్ట్. ఇవన్నీ విజయ్ పాల్ పొల్లు పోకుండా రాసుకున్నాడు. లేట్ సంగతి చెప్పేరోజు మాత్రం వాన పడింది. హెప్సిబా పాఠం చెబుతూనే కిటికీ మూయబోయింది, జల్లు ఆమె ముఖం మీద కొట్టింది. ఆమె చున్నీతో ముఖం తుడుచుకోవడం అతను చూస్తుండగానే పాఠం ముందుకెళ్ళిపోయింది. విజయ్ పాల్ నోట్సులో ఆ పూట మిగిలింది ఒక్కటే ముక్క: లేటెస్ట్ అంటే చివరిది.

రెండు నెలలయ్యాక ఒక పరీక్ష పెట్టింది. మీకిష్టమైన మనిషి గురించి సూపర్లేటివ్‌తో ఒక వాక్యం రాయండి. విజయ్ పాల్ గుండె గట్టిచేసుకుని రాశాడు: "యు ఆర్ మై లేటెస్ట్ లవ్."

నా చివరి ప్రేమవు నువ్వే, నీ తర్వాత ఇంకెవరూ లేరని అతని ఉద్దేశం. హెప్సిబా చదివింది వేరు. ఇప్పటివరకూ వచ్చినవాళ్ళలో కొత్తదానివి నువ్వు అని.

ఆమె అతణ్ని బల్ల దగ్గరికి పిలిచింది. "హౌ మెనీ బిఫోర్ మీ?"

తనకు ముందు ఎంతమంది దగ్గర చదివాడని అడుగుతోంది గాబోలనుకుని అతను హుషారుగా లెక్క చెప్పాడు.

"త్రీ, మేడం! ఫస్ట్ వన్ బోధన్. సెకండ్ వన్ వర్ని. థర్డ్ వన్ వెరీ ఓల్డ్, బట్ మోస్ట్ లవింగ్. డైలీ టీ గివింగ్. బాయిల్డ్ ఎగ్ ఆల్సో."

హెప్సిబా ముఖం ఎర్రబడింది. "రేపటి నుంచి ఆత్మారాం సార్ బ్యాచ్‌లో కూర్చోండి."

పై క్లాసుకు పంపిందనుకుని విజయ్ పాల్ ఇంటికి జిలేబీ పట్టుకుపోయాడు. కానీ ఆ తర్వాత రెండు వారాలు ఆమె మెట్లమీద ఎదురుపడ్డా తల తిప్పుకుని పోయింది. జిలేబీ చేదయింది. మొక్కలకు నీళ్ళు పెట్టడం కూడా మరిచిపోతున్నాడు.

ఒక శనివారం ఆత్మారాం సార్ అన్నాడు: "లేటెస్ట్ అంటె ఇప్పుడే అచ్చింది. రేపు ఇంకోటి గూడ రావచ్చు, ఫోన్లు రాంగ చూస్తలేమా? లాస్ట్ అంటె ఆఖరుది. ఇగ దాని ఎనుక ఏం రాదు."

విజయ్ పాల్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "సార్, కొంప మునిగింది!"

మర్నాడు సన్నని తుంపర. చర్చిలో ఆరాధన ముగిసి, హెప్సిబా తండ్రి సత్యానందంతో, నాయనమ్మ యేసమ్మతో గేటు దాటుతోంది. పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డ విజయ్ పాల్ తడిసి ముద్దయి ఎదురొచ్చాడు.

"మేడం! లేటెస్ట్ గాదు, లాస్ట్!"

యేసమ్మకు తెలిసిన లేట్ ఒకటే, శుభలేఖల్లో పోయినవాళ్ళ పేర్లకు ముందుండేది. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవలు లేట్ అయిండ్రు బిడ్డా? మన సంఘపోల్లేనా?"

"ఎవలు సావలే అవ్వా," అంది హెప్సిబా పళ్ళు కొరుకుతూ. "ఈయనకు ముగ్గురున్నరట. నేను నాలుగోదాన్నట."

"ముగ్గురా? ఎవలు మేడం?"

"నువ్వే చెప్తివి గద! బోధన్‌ది, వర్నిది, టీ పోసే ముసల్ది!"

"అయ్యో, వాళ్ళు ఇంగ్లిష్ చెప్పిన సార్లు! బోధన్ల భోజన్న సార్, వర్నిల మధుకర్ సార్. గుడ్డు వెట్టింది ముత్తన్న సార్. గాయనకు గింత పొడుగు మీసాలు!"

హెప్సిబా గొడుగు కిందికి దించి ముఖం దాచుకుంది. లోపలి నవ్వుకి గొడుగు ఊగింది.

"నా జిందగీల మొదటిదానివి నువ్వే, ఆఖరుదానివి నువ్వే," అన్నాడు విజయ్ పాల్. "గదే చెప్తమనుకున్న. నడుమ ఇంగ్లిష్ అడ్డమచ్చింది."

గొడుగు ఊగడం ఆగింది. సత్యానందం గొంతు సవరించుకున్నాడు.

"పిలగా, గేటు కాడ గివేం ముచ్చట్లు? మీ బాపు నంబర్ చెప్పు. పెద్దోళ్ళం మేం మాట్లాడుకుంటం."

విజయ్ పాల్ జేబులోంచి ఫోన్ తీశాడు. తడిసి దాని తెర నల్లబడింది. నోటికి రావలసిన నంబర్ రాలేదు. "నైన్... ఫోర్... నైన్..." అంటూ ఆగిపోయాడు.

గొడుగు చాటునుంచి హెప్సిబా పది అంకెలూ గడగడా చెప్పేసింది.

యేసమ్మ గొడుగు అంచు పైకెత్తింది. "నీ క్లాస్ల అందరి బాపుల నంబర్లు గిట్లనే నోటికస్తయా బిడ్డా?"

"అడ్మిషన్ ఫారంల ఉండె," అంది హెప్సిబా నేల చూపులు చూస్తూ. "మీ కొడుకు గిసొంటోడని చెప్తమని రోజు డయల్ జేసిన. రింగు గాకముందే కట్ జేసిన."

సత్యానందం నవ్వు బిగబట్టి, ఆ నంబర్ నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. రుద్రూర్‌లో రింగు మోగింది. ఈసారి ఎవరూ కట్ చేయలేదు.